బాటసారి కలిపిన యూళ్ళు

కడప యను పేరు గడప యను మాటనుండి వచ్చినదని మా ప్రాంతమున చిన్నపిల్లలు సయితము చెప్పుదురు. ఉత్తరమునుండి తిరుమలకు పోవు యాత్రికులు మొదట దేవునికడపలో లక్ష్మీవేంకటేశ్వరుని దర్శించి, పిమ్మట కొండదారి పట్టుట పూర్వాచారము. ఈ వ్యుత్పత్తిని గూర్చి పండితులు వాదించుకొందురు గాక. మాకు నచ్చిన విషయము వేఱు. లోకమున ఊళ్ళు రాతినిబట్టియు, ఏటినిబట్టియు, చెట్టునుబట్టియు, ఏలిన రాజునుబట్టియు పేళ్ళు పెట్టుకొన్నవి. ఈ యూరు మాత్రము తన్ను దాటి మఱియొక చోటికి పోవువానినిబట్టి పేరు పెట్టుకొన్నది. లోపల ఇల్లున్ననే గాని గడపకు అర్థము లేదు. లోపలికి పోవువాడున్ననే గాని ఇంటికిని గడపకును చుట్టఱికము లేదు.

ఈ చుట్టఱికమును గూర్చియే మేము కొంత విచారింపదలచితిమి. ఒక సీమలో చూడదగిన చోట్లు పదియున్నచో, అవి యొకదానికొకటి తోడ్పడుట యెట్లు సంభవించును? ప్రభుత్వమువారు పటముపై గీత గీసి దానికి సర్క్యూటని పేరుపెట్టినంతమాత్రమున సంభవించునా? గీతకంటె ముందు కాలిబాట యుండవలెనని మా యభిప్రాయము. ఏ రెండు చోట్లకు ఒక్కడే మనుష్యుడు పోవుచున్నాడో, ఆ రెండు చోట్లవారే యొకరినొకరు తలచుకొందురు. అయితే పోవుట యొక్కటియే చాలునా యనునది తరువాతి ప్రశ్న. దానికి సమాధానము వెదకుటకు మేము దూరము పోనక్కఱలేకపోయినది.

వల్లూరు కడపనుండి కమలాపురమునకు పోవు దారిలో నున్నది. 13వ శతాబ్దమున కాయస్థ నాయకులు వల్లూరుపట్టణము రాజధానిగా నేలిరని చరిత్రకారులు వ్రాసిరి. ఇప్పుడది మండలకేంద్రము, బస్సులు నిలుచును, టీ దుకాణములు కలవు, బడి కలదు. పెన్న యొడ్డున నున్న పుష్పగిరి యీ మండలములోనిదే. ఏటి కీవల ఊరు, ఆవల కొండ. ఊరిలో వైద్యనాథేశ్వరుడు, కొండపై చెన్నకేశవుడు. పెన్న, పాపాఘ్ని, కుముద్వతి, వల్కల, మాండవి యను నైదు నదులు కలిసిన చోటని పెద్దలు చెప్పుదురు. అమృతబిందువు పడిన కొలనిపై హనుమంతుడు కొండను వేయగా అది పూవువలె తేలెననియు, హరియు హరుడును చెరియొక పాదము మోపి దానిని నిలిపిరనియు స్థలపురాణము. దేవతలే పొత్తు కుదుర్చుకొన్న చోటన్నమాట. చెన్నకేశవుని గుడి వెలుపలిగోడలపై పురాణేతిహాసములను ఱాతిలో చదువుకొనవచ్చును. మా సీమలో ఇంతకు మించిన శిల్పసంపద గల చోటు మఱియొకటి కలదని మేము నమ్మము. ఇది స్వస్థలాభిమానమని పాఠకులు నవ్వుదురేని నవ్వుదురు గాక.

ఇంతటి చోటికి ఉత్సవదినములు విడిచినచో వచ్చువారు కొలది. ఏలయన, మా జిల్లాలో యాత్రికుల ప్రవాహములు రెండు కలవు. పుష్పగిరి ఆ రెండింటి నడుమ నిలిచినది. తూర్పున నున్నది తిరుమల ప్రవాహము. అది తాళ్ళపాక, ఒంటిమిట్ట, దేవునికడపల మీదుగా సాగును. 2015లో ఒంటిమిట్ట కోదండరాముని యాలయము తిరుమల తిరుపతి దేవస్థానముల పాలనకు వచ్చినది మొదలు, శ్రీరామనవమి వేడుకలకు రాష్ట్ర ప్రభుత్వ లాంఛనములు తోడైనవి మొదలు, ఈ ప్రవాహము మఱింత వెడల్పయినది. పడమట నున్నది గండికోట ప్రవాహము. ఇది భక్తులది కాదు, చూడవచ్చినవారిది. బెంగుళూరు గండికోటకు సుమారు 280 కిలోమీటర్లు. శనివారము ప్రొద్దున బయలుదేరినవారు సాయంకాలమునకు పెన్న లోయ యంచున కూర్చుండి సూర్యాస్తమయము చూచుచుందురు. వారు మఱునాడు బెలుము గుహలో, తాడిపత్రి దేవాలయములలో తిరిగి వెనుకకు పోవుదురు. తూర్పువారు వల్లూరు దాక రారు. పడమటివారికి వల్లూరుతో పనిలేదు.

రెండు ప్రవాహములను కలుపువారు లేకపోలేదు. ఒకనాడు వల్లూరులో టీ త్రాగుచుండగా తిరుపతినుండి వచ్చిన కుటుంబమొకటి కారు దిగినది. ఒంటిమిట్ట చూచుకొని గండికోటకు పోవుచున్నారు. మేము పుష్పగిరి మాట యెత్తి, గుడిగోడలను గూర్చి నాలుగు మాటలు చెప్పితిమి. ఆ యిల్లాలు శ్రద్ధతో విని, "చూడాలనే ఉంది సార్. కానీ పొద్దు గూకేలోపల అక్కడుండాల. టెంటుకు డబ్బు కూడా కట్టేసినాము" అనెను. కారు వెడలినపిదప టీ దుకాణమాతడు గిన్నె తొలుచుచు, "వాళ్ల పడక ఆడ పరిసినారు సార్, ఈడెట్ల దిగుతారు?" అని నవ్వెను.

ఆ మాటయందు మేము చాలదినములుగా వెదకుచున్న సూత్రము దొరికినది. చోటుకును చోటుకును బంధుత్వము కట్టునది పగలు చూచిన దృశ్యము కాదు. రాత్రి పరుండిన తావు. బాటసారి యెచ్చట పరుండునో, ఆ తావు చుట్టును ఒక పూటలో పోయిరాదగిన చోట్లన్నియు ఒక కుటుంబమగును. వాని దిండుకు దూరమైన చోటు ఎంత గొప్పదైనను దారిప్రక్క నిలిచి చేయి యూపు చుట్టమే.

పూర్వమిది యెల్లరకును తెలిసిన సంగతియే. 1830వ సంవత్సరమున ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలముల మీదుగా పోయెను. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్రను చదువువారికి ఒక విశేషము కనబడును. దేవుని మహిమతోపాటు మజిలీ మజిలీకి నీరెట్లున్నది, దిగుటకు తావున్నదా, సరకులు దొరకునా యను వివరములను ఆయన విడువలేదు. నడకవానికి ప్రతి రాత్రియు ఒక యూరు కావలెను. కాలి యలసటయే ఆనాడు ఊళ్ళను కలిపినది. ఒక సత్రమువాడు, "రేపటి కక్కడ దిగుడు, నీరు మంచిది" అని ముందటి యూరి పేరు చెప్పుట మర్యాద కొఱకు మాత్రమే కాదు. ఆ యూరివాడును అవతలనుండి వచ్చువారిని తన సత్రమునకు పంపుచుండును గదా.

పొగబండి వచ్చి ఈ లెక్కను మార్చినది. 1871 నాటికి చెన్నపట్టణపు దారియు బొంబాయి దారియు రాయచూరుకడ కలిసినవి. కడపవాడు కూర్చున్నచోటనే కూర్చుండి, పూర్వము పది రాత్రులు గడపిన దూరమును ఒక్క రాత్రిలో దాటెను. మజిలీలు పోయినవి, మజిలీలతో చుట్టఱికములును పోయినవి. పిదప మోటారు వచ్చి మిగిలినదానిని తుడిచినది. దీనికి మేము విచారించుట లేదు. ఎండలో కాళ్ళు బొబ్బలెక్క నడచుట పుణ్యమని యెంచువారు తామే నడతురు గాక. ముసలివారును, గర్భవతులును, కుంటివారును దేవుని చూడగలుగుట మోటారు చేసిన మేలు. 2016లో నంద్యాల యెఱ్ఱగుంట్ల రైలుదారి తెఱవబడినపుడు జమ్మలమడుగునకును ప్రొద్దుటూరునకును స్టేషనులు కలిగినవి, ఇదియు మేలే. అలసట తానై చేసిన పనిని ఇపుడు మనుష్యులు తెలిసి చేయవలసి వచ్చినదని మాత్రము చెప్పుచున్నాము.

గండికోటవారు దీనిని చక్కగా గ్రహించిరి. అక్కడ టెంట్లు వేయువారు తమ యతిథులకు బెలుము గుహను గూర్చి అడుగకయే చెప్పుదురు. 1884లో బ్రూస్‌ఫుట్ దొర చూచి వ్రాసినదియు, 2002లో జనులకు తెఱవబడినదియు నగు ఆ గుహ 3,229 మీటర్ల పొడవు గలది. అది యిప్పుడు నంద్యాల జిల్లాలోనిది. గండికోట కడప జిల్లాలోనిది. జిల్లాలు వేఱైనను స్నేహము చెడలేదు. ఏలయన, బెలుమునకు పోయిన యతిథి మఱియొక రాత్రికి గండికోటకే తిరిగివచ్చును. పైగా కోటయు గుహయు ఒకదాని నొకటి పోలినవి కావు. ఒకటి చూచినవానికి రెండవదానియందు విసుగు పుట్టదు. పుష్పగిరిని గూర్చి చెప్పినచో నేమగును? అతిథి ఒక రాత్రి తగ్గించుకొని, ఇంటి ముఖము పట్టి, దారిలో అది చూచుకొని పోవును. చెప్పినవానికి నష్టము. ఇందు దుర్మార్గమేమియు లేదు, కడుపు కలదు. గండికోట మమ్ము కలుపుకొనలేదని మావైపువారు నిష్ఠురమాడుచుందురు. కలుపుకొనుటవలన దానికేమి లాభమో చెప్పక కలుపుకొమ్మనుట భిక్షమడుగుటయే.

ఈ సూత్రమునకు లోబడనిది యొకటి కలదు, అది సంఖ్య. పంచారామములను చూడుడు. అమరావతియెక్కడ, సామర్లకోటయెక్కడ! నడుమ భీమవరము, పాలకొల్లు, ద్రాక్షారామము. అయిదును శివాలయములే, సైరునకు వచ్చినవాడైనచో ఒకటి చూచి చాలుననును. కాని "పంచ" యను మాట యున్నందున భక్తుడు నాలుగు చూచి ఊరకుండలేడు. కార్తికమాసమున ఆర్.టి.సి. వారు అయిదింటిని ఒక్కదినమున చూపించు బస్సులు నడుపుదురు. జనులు నిద్రమాని తిరుగుదురు. నంద్యాలకడ నవనందులును అట్టివే. జపానుదేశమున షికోకు ద్వీపముపై 88 దేవాలయముల యాత్ర కలదు. చుట్టి వచ్చుటకు సుమారు 1,200 కిలోమీటర్లు. యాత్రికుడు పుస్తకమొకటి చేతబట్టి ప్రతి గుడిలోను ముద్ర వేయించుకొనును. ముద్ర లేని పుట తెల్లగా కనబడుచుండగా వాని మనస్సు నిలువదు. అందుచేత ఆ వరుసలోని చిన్నగుడికిని పెద్దగుడికిని కాలిధూళి సమానముగా దక్కును. లెక్కలో చేరినది బ్రదికినది. పుష్పగిరి యే లెక్కలోను చేరలేదు. అక్కడ నదులకు లెక్క కలదు గాని, పొరుగు క్షేత్రములతో కలిపి దానిని లెక్కించినవాడు లేడు.

కొత్తగా లెక్క కల్పించి, "సప్తకడపక్షేత్రములు" అని యొక పేరు ప్రచారముచేయుదమని మా మిత్రులొకరు ఉత్సాహపడిరి. మేము ఒప్పుకొనలేదు. పురాణమును ఆఫీసులో వ్రాయించినచో జనులు నమ్మరు. నమ్మినచో అది మఱియు చెఱుపు.

కాబట్టి మొదటి సూత్రమునకే తిరిగి వచ్చెదము. పుష్పగిరికి దగ్గఱి పడక యెక్కడ? కడపలో. దూరము 16 కిలోమీటర్లు మాత్రమే. మా యూరివారు ఎంతో దూరముననున్న గండికోటవైపు మెడ సాచి చూచుచున్నారు గాని, వీపువెనుక నున్న కడపను చూచుట లేదు. కడపలో దిగినవాడు దేవునికడపకు పోవును, పెద్దదర్గాకు పోవును. ఈ రెండింటి నడుమ నున్న స్నేహమును ఏ శాఖయు శాసించలేదు. ఉగాదినాడు దేవునికడపలో వేకువనుండి ముసల్మాను కుటుంబములు కొబ్బరికాయలతో వరుస కట్టుదురు. బీబీనాంచారి తమ యింటి యాడుబిడ్డ గనుక స్వామి తమ యల్లుడని వారి భావము. అమీన్‌పీరు దర్గా ఉరుసునకు హిందువులు పోవుట అంతే సహజము. పూజారియు ముజావరును కలిసి సంతకము పెట్టిన కాగితము మేమెఱిగినంతవఱకు లేదు. స్త్రీలు పిల్లల నెత్తుకొని ఇటునుండి అటును, అటునుండి ఇటును తరతరములుగా నడచిరి. ఆ నడకచేత రెండు చోట్లును ఒకదానికొకటి పరాయివి కాకపోయినవి. సహకారమునకు ఇంతకంటె మంచి యుదాహరణము మాకు తెలియదు. కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మేంద్రస్వామి మఠమును, ఆయన శిష్యుడైన దూదేకుల సిద్ధయ్యగారి ముడుమాలను కలిపినదియు ఇట్టి నడకయే. అదే కడపలో బ్రౌను దొర పేర నెలకొన్న గ్రంథాలయము కలదు. చదువరి యగు యాత్రికునకు అదియు నొక క్షేత్రమే. ఈ కుటుంబములో పుష్పగిరి చేరుటకు అడ్డమేమి?

అడ్డములు కలవు, అవి చిన్నవి, అందుచేతనే మొండివి. మొదటిది, ఈ చోట్లను కాచువారు వేర్వేఱు. ఒంటిమిట్టయు దేవునికడపయు తిరుమల దేవస్థానములవి. గండికోట కట్టడములు పురావస్తు శాఖవి. బెలుము పర్యాటక సంస్థది. దర్గా తన పీఠాధిపతులది. పుష్పగిరి పీఠము శంకరసంప్రదాయమున తనంతట తానున్నది. యాత్రికుడు ఒక్కడు, తలుపులు అయిదు, తాళపుచెవులు అయిదుగురివద్ద. 2024లో కేంద్ర ప్రభుత్వము గండికోటను తీర్చిదిద్దుటకు సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరుచేసినది. మాకు అసూయ లేదు. అందులో వేయవవంతుతో కడపలో దిగినవానికి పుష్పగిరి దారి చూపు పలకలు నాటవచ్చునని లెక్కవేసికొంటిమి. లెక్కలు వేయుట బడిపంతులకు అలవాటు.

రెండవది గడియారము. మన దేవాలయములు మధ్యాహ్నమున తలుపు మూయుట వాడుక. గండికోటలో సూర్యోదయము చూచి, ఫలాహారము చేసి, కడపవైపు తిరిగినవాడు సరిగా ఆ వేళకు మా ప్రాంతము చేరును. మూసిన తలుపు చూచిపోయినవాడు మఱి నలుగురితో, "అక్కడ ఏమీలేదు" అని చెప్పును. ఈ విషయమై మేము వృద్ధుడైన యర్చకు నొకనితో ప్రస్తావించితిమి. ఆయన కోపపడలేదు. "మధ్యాహ్నం స్వామికి విశ్రాంతి నాయనా. చూడదలుచుకున్నవాళ్లు పొద్దున్నే రావొచ్చు గదా?" అనిరి. సంస్కరణాభిమానులమైన మాకు మొదట వాదింప బుద్ధిపుట్టినది. ఆలోచింపగా ఆయన చెప్పినదియే మా సూత్రము. ప్రొద్దున రావలెనన్న రాత్రి దగ్గఱ పరుండవలెను. గండికోటనుండి తిరిగిపోవువాని గడియారమునకు దేవుని నిద్ర చెఱుపుటకంటె, కడపలో పరుండినవానిని ఏడు గంటలకు తీసికొనివచ్చుట సులభము. స్వామికిని మనుష్యునికిని తగవు లేదు.

మూడవదానిని వ్రాయుటకు మన పత్రికలు సిగ్గుపడుచుండును, మేము సిగ్గుపడము. మన గ్రామక్షేత్రములలో పెక్కింట ఆడువారికి మరుగుదొడ్డి లేదు. ఉన్నచో నీరు లేదు. నీరున్నచో తలుపునకు గడియ లేదు. కుటుంబము ఎక్కడ దిగవలెనో నిర్ణయించునది పురుషుడని బయటికి కనబడును గాని, నిజమునకు ఇల్లాలే. ఆమె పిల్లలతో రెండు గంటలు నిలువలేని చోటు యాత్రాస్థలము కానేరదు. శిల్పమును గూర్చి పుస్తకములు వేయుటకు ముందు ఈ గడియ వేయించినచో ఫలము హెచ్చు. ఒక చోటివారు శుభ్రముగా నుంచినచో పొరుగు చోటికిని పేరు వచ్చును. ఒక చోట రోతపడిన యిల్లాలు ఆ దారినే విడుచును. క్షేత్రములు ఒకదానికొకటి చేయగల మొట్టమొదటి సహాయము ఇదియే.

జనము వచ్చినచో చెత్తయు వచ్చునని మా ప్రాంతపు పెద్దలలో కొందఱికి భయము కలదు. భయము నిరాధారము కాదు. జనము హెచ్చిన చోట్ల సీసాలను, చిప్సు సంచులను మేము కన్నులార చూచితిమి. పుష్పగిరి యేటియిసుక ఇంకను యిసుకగానే యున్నది. అది మాకును ప్రియమే. కాని యెవరును రాని గుడి చెడకుండునని తలచుట భ్రమ. రానిచోట ఱాళ్ళు దొంగలకు దక్కును, చెట్లువేళ్ళకు దక్కును. వచ్చువారు పదుగురైనచో అర్చకునికి నూనె ఖర్చు వచ్చును, కాచువాడు నిలుచును. వేలకొలది వచ్చి త్రొక్కుట యొక చెఱుపు. ఎవరును రాకుండుట మఱియొక చెఱుపు. కడపలో దిగినవారిలో కొందఱు ప్రతి ప్రొద్దుటను వచ్చిన చాలును.

బాటకు మొదటి యడుగు వేయవలసినది బెంగుళూరివారు కారు, ఇరుగుపొరుగువారు. మా బడిపిల్లలలో గండికోట చిత్రములు ఫోనులో చూడనివారు లేరు. పుష్పగిరి కొండ యెక్కినవారు చేతివ్రేళ్ళకు మించి లేరు. ఒకయేట విహారయాత్రకు పిల్లలు గండికోట కావలెనని పట్టుబట్టగా, మేము పెద్దలను ఒప్పించి వేఱు వరుస యేర్పఱచితిమి: ఉదయము పుష్పగిరి, పిదప దేవునికడప, దర్గా, సాయంకాలము బ్రౌను గ్రంథాలయము. ప్రొద్దుటూరినుండి కుదుర్చుకొన్న బస్సు. ఆ డ్రైవరు గండికోటకు ఎన్నియో పర్యాయములు జనులను తీసికొనిపోయినవాడు, పుష్పగిరిని ఎన్నడును చూడలేదు. పిల్లలు గోడచుట్టును తిరుగుచు బొమ్మలలోని కథలు పోల్చుకొనుచుండగా అతడును వారి వెంట నొకసారి తిరిగి వచ్చెను. తరువాత ఎండ ముదరకమునుపే బయలుదేరవలెనని తొందరపెట్టుచు, అర్చకునివద్దకు పోయి, తలుపు ప్రొద్దున ఎన్నిగంటలకు తీయుదురో, బస్సు నిలుపుటకు నీడ యే ప్రక్కనున్నదో అడిగి, రెండింటిని ఫోనులో వ్రాసికొనెను.